పది పైసల తేడా: ఓటు విధానానికా, మనిషికా?

కృష్ణాతీరం:

ఎన్నికలు దగ్గర పడిన ప్రతిసారీ మన ఇళ్లలోనూ, టీ కొట్ల దగ్గరా వినిపించే మాటలు రెండే. ఒకటి ‘ఆయన వస్తేనే బాగుంటుంది’, రెండవది ‘ఈసారి ఈయనకు ఒక అవకాశం ఇచ్చి చూద్దాం’. వచ్చినాయన ఏం చేస్తాడు, చేయడానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు అని అడిగేవాడిని చాదస్తుడి కింద జమకడతారు. ఆ చాదస్తుల పక్షాన ఈ చర్చను ప్రారంభిస్తున్నాను.

మనం మీట నొక్కే యంత్రం మీద ముఖ్యమంత్రి పేరు ఉండదు. మన నియోజకవర్గంలో నిలబడిన అభ్యర్థి పేరు, అతని గుర్తు ఉంటాయి. ముఖ్యమంత్రి పదవి సభలో మెజారిటీని బట్టి వచ్చేది, అదే మెజారిటీని బట్టి పోయేది. 1994 డిసెంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఓటర్లు 294 స్థానాలలో 216 తెలుగుదేశానికి ఇచ్చినప్పుడు, వారి మనసులో ఉన్నది ఎన్.టి. రామారావు ఒక్కరే. తొమ్మిది నెలలు నిండకుండానే, 1995 సెప్టెంబరు 1న అదే సభ బలంతో చంద్రబాబు నాయుడు ప్రమాణ స్వీకారం చేశారు. ఎవరి పక్షాన న్యాయం ఉందన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. ముఖాన్ని చూసి ఓటు వేసిన కోటి మందికి పైగా ఓటర్లకు ఆ ముఖం ఏడాదైనా మిగలలేదన్నదే నా ప్రశ్న. అందుకే విధానాన్ని చూసి ఓటు వేయాలంటాను. మనుషులు పోయినా కాగితం మీద రాసిన మాట ఉంటుంది కదా.

పాలమూరు బాటసారి:

కృష్ణాతీరం గారూ, మీ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాను. కాగితం మీద రాసిన మాటకు విలువ ఎవరి వల్ల వస్తుందో చెప్పడానికి నేను ఇంకా వెనక్కి, 1983 జనవరి ఎన్నికల దగ్గరకు వెళ్లాలి.

కిలో రెండు రూపాయల బియ్యం తెలుగుదేశం వాగ్దానమని అందరికీ గుర్తుంది. ఆ వాగ్దానానికి విరుగుడుగా కోట్ల విజయభాస్కరరెడ్డి నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికల ముందే కిలో రూపాయి తొంభై పైసలకు బియ్యం ఇవ్వడం మొదలుపెట్టిన సంగతి మాత్రం చాలామంది మరచిపోయారు. అంటే ఒక పక్షం గెలిస్తే ఇస్తానన్నది, రెండవ పక్షం అప్పటికే ఇస్తున్నది, పైగా పది పైసలు తక్కువకు. విధానం ఒక్కటే కొలబద్ద అయితే ఆ ఎన్నిక కాంగ్రెస్‌ది కావాలి. కాంగ్రెస్‌కు వచ్చినవి 60 స్థానాలు. తొమ్మిది నెలల పసికందు లాంటి పార్టీకి రెండు వందలకు పైగా వచ్చాయి.

మా నాయన అప్పుడు కూలికి పోయేవాడు. పది పైసలు ఆయనకు చిన్న లెక్క కాదు. నేను పెద్దయ్యాక ఒకసారి అడిగితే, ‘ఓట్ల ముందర వచ్చిన బియ్యం ఓట్ల తరువాత ఉంటదని నీకెవరు చెప్పిండ్రు?’ అన్నాడు. ఆ మాటను సినిమా మోజు అని కొట్టిపారేయవచ్చునేమో గాని, 1978 నుంచి అయిదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామిరెడ్డి, విజయభాస్కరరెడ్డి అని నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ కూర్చోబెట్టిన రాష్ట్రంలో, ధర ఎంత అన్నదానికంటే ఆ ధర ప్రకటించినాయన వచ్చే సంక్రాంతికి కుర్చీలో ఉంటాడా అన్నది చూసుకోవడం తెలివిగల లెక్క అని నాకు అనిపిస్తుంది. మనిషిని చూసి వేశాడని మీరు అనేది, విధానం నిలుస్తుందా అని బేరీజు వేయడమే.

సింహపురి:

బాటసారి గారు చెప్పిన కోట్ల విజయభాస్కరరెడ్డి గారి కథకు రెండవ అంకం ఉంది. అది మా నెల్లూరు జిల్లాలో మొదలైంది గనుక నేనే చెప్పాలి.

దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకింది. ఆ విధానాన్ని ఏ నాయకుడూ కనిపెట్టలేదు, ఏ పార్టీ ప్రణాళికలోనూ అది ముందుగా లేదు. వయోజన విద్యా తరగతులకు వచ్చిన ఆడవాళ్లు సారా పాకల మీదకు వెళ్లారు, వేలంపాటలు ఆపించారు. అప్పటికి రెండవసారి ముఖ్యమంత్రిగా ఉన్న విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. రామారావు గారు సారాతో ఆగకుండా సంపూర్ణ మద్యనిషేధం అన్నారు. 1994లో కాంగ్రెస్ 26 స్థానాలకు పడిపోయింది. ఒకే ముఖ్యమంత్రి, రెండు ఎన్నికలు. రెండుసార్లూ జనం కోరిన పనిని అధికారంలో ఉండగానే, కనీసం సగమైనా చేసిపెట్టి, రెండుసార్లూ అదే ప్రత్యర్థి చేతిలో ఓడిపోయారు. పాపం అనిపిస్తుంది గాని, ఎన్నికలలో జాలికి పద్దు లేదు.

అయితే దీని నుంచి ‘మనిషే ముఖ్యం’ అన్న నిర్ణయానికి రాకండి. నడుమ 1989 ఉంది. అదే రామారావు, అదే కంఠం, రెండు రూపాయల బియ్యం నడుస్తూనే ఉన్నాయి. అయినా కాంగ్రెస్‌కు 181 స్థానాలు వచ్చాయి, కల్వకుర్తిలో రామారావు గారు స్వయంగా ఓడిపోయారు. తెరమీద వెలుగే ఓట్లు తెస్తుందంటే 2009లో చిరంజీవి గారి ప్రజారాజ్యానికి 18 స్థానాల దగ్గర ఆగిపోవలసిన పని లేదు. కృష్ణాతీరం గారి వాదనకు ఎదురుగా కూడా ఒక లెక్క చెప్పి పక్షపాతం లేదనిపించుకుంటాను: అదే 2009లో, విధానాలే మా ముఖం అని చెప్పుకొన్న లోక్‌సత్తాకు రాష్ట్రం మొత్తం మీద వచ్చినది కూకట్‌పల్లి ఒక్కటే, అక్కడ నిలబడినది కూడా ఆ పార్టీలో అందరికీ తెలిసిన ఒకే ఒక్క ముఖం, జయప్రకాశ్ నారాయణ్ గారు.

రైన్ తీరం:

దూరం నుంచి చిన్న మాట. నేను ఉంటున్న జర్మనీలో పార్లమెంటు ఎన్నికలలో ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉంటాయి. ఒకటి నియోజకవర్గంలోని వ్యక్తికి, ఇంకొకటి పార్టీ జాబితాకు. సభలో ఏ పార్టీ బలం ఎంత అన్నది ప్రధానంగా రెండవ ఓటే తేలుస్తుంది. మనిషినీ పార్టీనీ విడదీసి తూచే వీలు చట్టమే ఇచ్చినప్పుడు మీ తగవు సగం తీరుతుంది. అయినా వీధి స్తంభాలకు కట్టే అట్టల మీద పెద్దగా కనిపించేవి నాయకుల ముఖాలే, ఆ సంగతి కూడా చెప్పకపోతే తప్పు.

న్యాయపథికుడు:

మన దగ్గర రెండు ఓట్లు లేవు, ఉన్న ఒక్క ఓటుతో ఎన్నుకొన్న వ్యక్తి కూడా సభలో సొంతంగా ఓటు వేయలేడు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును గద్దె ఎక్కించినప్పుడు, శాసనసభ్యులను కాపాడుకోవడానికి కర్ణాటకకు తరలించవలసి వచ్చింది. ఆ మరుసటి ఏడాది 52వ సవరణ ద్వారా ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. దాని ప్రకారం పార్టీ విప్ (ఇలాగే ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేస్తే సభ్యుడు ధిక్కరించలేడు, ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. కాబట్టి ‘అభ్యర్థి మంచివాడు, పార్టీ ఏదైతేనేం’ అని ఓటు వేసేవారు, ఆ మంచితనం బడ్జెటు మీద ఓటింగు వేళ పనికిరాదని తెలుసుకోవాలి.

ఇక ఎన్నికల ప్రణాళిక. 2013 జులైలో సుప్రీంకోర్టు, తమిళనాడు ఉచిత టీవీల కేసులో, ప్రణాళికలోని వాగ్దానాలు ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను కింద అవినీతి చర్యలు కావని చెప్పి, మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి సూచించింది. వాగ్దానం వెనుక హేతువు ఏమిటో, నిధులు ఏ దారిన వస్తాయో స్థూలంగా చెప్పాలన్న నిబంధన అలా 2014లో ప్రవర్తనా నియమావళిలో చేరింది. చెప్పకపోతే శిక్ష ఏమిటని అడగకండి.

నా దృష్టిలో కొలబద్ద వేరే ఉంది. వాగ్దానం ఉత్తర్వుగా మిగులుతుందా, చట్టంగా మారుతుందా అన్నది చూడాలి. హిందూ వారసత్వ చట్టానికి రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన వాటా ఇచ్చింది. ఆయన గద్దె దిగినా, కన్నుమూసినా ఆ వాటా చెక్కుచెదరలేదు, 2005లో దేశమంతటికీ అదే దారి అయింది. బియ్యం ధర మాత్రం ప్రభుత్వాల చేతుల్లో మారుతూనే వచ్చింది. రెండు రూపాయలు మధ్యలో పెరిగి, 1994 గెలుపు తరువాత మళ్లీ రెండుకు దిగి, 1996లో మూడున్నర అయి, 2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో తిరిగి రెండై, 2011లో కిరణ్‌కుమార్‌రెడ్డి హయాంలో రూపాయి అయింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాక గాని అది పేదవాడి హక్కు కాలేదు.

సింహపురి:

న్యాయపథికుడు గారూ, మద్యనిషేధం కూడా చట్టమే కదండీ. 1995లో శాసనసభ ఆమోదించిన చట్టం. 1997లో అదే సభ, అదే పార్టీ దాన్ని సడలించాయి. చట్టమైతే నిలుస్తుందని మా జిల్లా ఆడవాళ్లతో అనకండి.

కృష్ణాతీరం:

సింహపురి గారి దెబ్బ నాకూ తగిలింది, ఎందుకంటే కాగితం మీద మాట ఉంటుందని మొదట అన్నది నేనే. అయితే ఆలోచించిన కొద్దీ ఈ ఉదాహరణ నా వాదనను బలపరుస్తున్నట్టే తోస్తున్నది.

కూతురి వాటా ఎందుకు నిలిచింది? ఖజానా మీద పైసా భారం లేదు గనుక. అన్నదమ్ములకు కోపం వస్తే రావచ్చు, ఆర్థికశాఖకు రాదు. మద్యనిషేధం సంగతి వేరు. ఎక్సైజు రాబడి రాష్ట్ర సొంత ఆదాయంలో పెద్ద ముక్క. 1994లో ఒకే పార్టీ, ఒకే ప్రణాళికలో, ఒక చేత్తో బియ్యం రాయితీ పెంచుతానన్నది, రెండవ చేత్తో ఆ రాయితీకి డబ్బు తెచ్చే ఆదాయాన్ని వదులుకొంటానన్నది. ఈ రెండు పంక్తులనూ పక్కపక్కన పెట్టి చదివిన వాడికి, ఇందులో ఒకటి తప్పక కూలుతుందని ఆనాడే అర్థం కావాలి. చివరకు రెండూ కూలాయి: ధర పెరిగింది, నిషేధం పోయింది. పొరుగు రాష్ట్రాల నుంచి దొంగ మద్యం రావడం ఒక కారణమే గాని, ఖాళీ ఖజానా అసలు కారణమని నా అభిప్రాయం. మనిషిని ఎంత పరీక్షించినా ఈ సంగతి తెలియదు. రామారావు గారి చిత్తశుద్ధిని ఎవరూ శంకించలేదు. చిత్తశుద్ధితో కూడిక తీసివేతలు మారవు.

కాబట్టి నేను అడిగేది ప్రతి ఓటరూ ప్రణాళిక మొత్తం చదవాలని కాదు. పెద్ద వాగ్దానాలు రెండు మూడు తీసుకొని, ఒకదాని ఖర్చు ఇంకొకదాని గొంతు నొక్కుతున్నదా అని చూస్తే చాలు.

పాలమూరు బాటసారి:

ఒప్పుకొంటున్నాను, 1994 విషయంలో. కానీ మీ పద్ధతి ప్రణాళికలో రాసి ఉన్నవాటికే పనికివస్తుంది. ప్రభుత్వం చేసే అతి పెద్ద పనులు అందులో ఉండవు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో 175కు 151 స్థానాలు గెలిచిన పార్టీ ప్రణాళికలో నవరత్నాలు ఉన్నాయి, వాటి ఖర్చును మీ పద్ధతిలో తూచవచ్చు. మూడు రాజధానుల మాట అందులో లేదు. ఆ ఏడాది డిసెంబరులో ముఖ్యమంత్రి సభలో లేచి చెప్పేదాకా, భూములిచ్చిన అమరావతి రైతుకే కాదు, విశాఖలో ఉన్నవాడికీ తెలియదు. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అని ఇక్కడ తగవు పెట్టుకోను. అయిదేళ్ల రాజకీయమంతా దాని చుట్టూ తిరిగింది, దానిమీద ఓటు వేసే అవకాశం 2019లో ఎవరికీ రాలేదు. ఆ తరువాతి ఏడాది వచ్చిన కరోనా కూడా ఏ పార్టీ ప్రణాళికలోనూ లేదు. రాసి లేని రోజున నాయకుడు ఎవరిని సంప్రదిస్తాడు, ఎవరి మాట వింటాడు, తప్పు తెలిశాక వెనక్కి తగ్గుతాడా అన్నది మనిషిని చూస్తే తప్ప ఎలా తెలుస్తుంది?

వ్యక్తిత్వం అంటే నడక, నవ్వు, ఫ్లెక్సీ మీద బొమ్మ కాదు. గతంలో పదవిలో ఉండగా, లేదా ప్రతిపక్షంలో ఉండగా ఏం చేశాడన్న చరిత్ర. అది కూడా కాగితం మీద ఉన్నదే, చదివే ఓపిక ఉంటే.

కృష్ణాతీరం:

చరిత్రను వ్యక్తిత్వం కింద చేర్చుకొంటే మనిద్దరి మధ్య మిగిలిన దూరం తక్కువే. కానీ ఆ కొలతతోనే మీ నాయన గారి లెక్కను ఒకసారి చూడండి. 1983 జనవరిలో రామారావు గారికి పరిపాలనలో ఏ చరిత్రా లేదు, పార్టీ పుట్టి ఏడాది కాలేదు. విజయభాస్కరరెడ్డి గారికి చరిత్ర ఉంది, చేతిలో నడుస్తున్న పథకమూ ఉంది. మీరు చెప్పిన కొలత ప్రకారం ఆ ఓటు ఎటు పడాలి?

పాలమూరు బాటసారి:

కాంగ్రెస్‌కే పడాలి. మా నాయన కొలిచింది విజయభాస్కరరెడ్డి గారిని కాదనుకుంటాను, ఆయనను ఎప్పుడైనా దింపగలిగిన వారిని. వారి చరిత్ర మూడు మార్పుల రూపంలో ఆయన కళ్లముందే ఉంది. ఆ ఏడాది నుంచి మా ఇంట్లో రెండు రూపాయల బియ్యమే వండారు. పది పైసలు ఎక్కువ పెడుతున్నామని మా అమ్మ మాత్రం చాలా రోజులు సణిగింది.