గట్టు రోడ్ల మీద తిరిగే పాత స్విఫ్ట్‌కి ఏ డ్యాష్‌క్యామ్ మంచిది? వైరింగ్ ఎలా చేయించాలి?

గట్టు రోడ్డు మాస్టారు (పి.గన్నవరం)

అందరికీ నమస్కారమండి. రోజూ రాజోలు వైపు స్కూలుకి కారులో వెళ్లొస్తుంటాను. బండి 2019 పెట్రోలు స్విఫ్ట్. మొన్న సార్వా కోతలప్పుడు కాలవ గట్టు మీద సగం రోడ్డుకి ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. ఎదురుగా బైకు వస్తుంటే నేను బండి ఆపేశాను. ఆ కుర్రాడు రాయిని తప్పించబోయి నా బంపర్‌కి తగిలి పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. ఈలోగా జనం పోగయ్యారు. నా బండి ఆగి ఉందంటే నమ్మినవాడు లేడు. "కారున్నాయన మీరు, మీరే ఏదో ఒకటి ఇచ్చి పంపండి" అని పెద్దమనుషులు తేల్చేశారు. ఇచ్చి పంపాను.

కాబట్టి రోడ్డు మీద జరిగేదంతా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ కెమెరా పెట్టించాల్సిందే అనుకున్నాను. బిగింపుతో కలిపి పది వేల దాకా పెట్టగలను. నాకున్న అనుమానాలు ఇవీ: ముందు ఒక్కటే చాలా, వెనక కూడా కావాలా? బొమ్మ బాగా స్పష్టంగా ఉంటుందని 4కే అంటున్నారు, అంత అవసరమా? నాకు సాయంత్రం చీకటి పడ్డాక తిరుగు ప్రయాణం ఎక్కువ, రాత్రిపూట నంబరు ప్లేటు కనపడేది ఏది? స్కూల్లో బండి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. నీడ ఉంది కానీ అది కొబ్బరి చెట్ల నీడ, దాని కింద పెడితే అద్దం మీద కాయ పడుతుందని భయం. ఇక్కడ ఒక షాపులో అడిగితే పాటల సిస్టమ్ వైరు తెగ్గొట్టి అతికిస్తానన్నాడు, నాకు మనసొప్పలేదు. మా ఆవిడ అనుమానం వేరు: మేం కారులో మాట్లాడుకునేదంతా రికార్డయిపోతుందా అని.

చెరువు గట్టు (ఆకివీడు)

మాస్టారూ, పెట్టేదేదో 4కే పెట్టండి, జీపీఎస్ ఉన్నది చూడండి. నాది హైవే మీద పగలు ఎంత దూరంలో ఉన్న లారీ నంబరైనా చదువుతుంది. బండి ఆపి పెట్టినా రికార్డు చేసే పార్కింగ్ మోడ్ కూడా ఉంది, మా చెరువు దగ్గర షెడ్డులో పెట్టినప్పుడు రాత్రంతా కాపలా కాస్తుంది. కాకపోతే పొద్దున్నే సెల్ఫ్ కొట్టడం లేదు, పాలేర్ల చేత తోయించాల్సి వస్తోంది. బ్యాటరీ పాతబడిందేమో తెలియదు.

బ్యాటరీ షాపు (పాలకొల్లు)

ఆకివీడు గారూ, మీ బ్యాటరీ పాతబడలేదండి, మీ కెమెరా తాగేస్తోంది. దాని సంగతి చివర్లో చెప్తాను. ముందు మాస్టారి పని చూద్దాం.

కారు కరెంటు పని మీద బతికేవాణ్ని కాబట్టి నా చూపు ఎప్పుడూ వైరు మీదే ఉంటుంది, ఏమనుకోకండి. షాపుకొచ్చే ప్రతివాళ్లూ ఏ కంపెనీ, ఎన్ని కే అని అడుగుతారు. మెమరీ కార్డు ఏది వేయాలి, కరెంటు ఎక్కడి నుంచి తీయాలి అని అడిగినవాళ్లు తక్కువ. తర్వాత రిపేరుకి వచ్చేవి మాత్రం ఆ రెండే.

మాస్టారూ, మీకు మొదటి శత్రువు ఎండ. మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో, ముందు అద్దం దగ్గర 60, 70 డిగ్రీలు ఉంటుంది. లోపల లిథియం బ్యాటరీ ఉన్న కెమెరా ఆ వేడికి రెండు వేసవుల్లో ఉబ్బిపోయి మూత ఊడొచ్చేస్తుంది. బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నది అడగండి. దాని పని ఒక్కటే: ఇంజన్ ఆపగానే ఆఖరి ఫైలు పాడవకుండా సేవ్ చేయడానికి సరిపడా కరెంటు అందించడం. వియోఫో వాళ్లు కెపాసిటర్ వాడతారు. 70మై, క్యూబో, డీడీపాయ్ కంపెనీల వాటిలో ఏ మోడల్ తీసుకున్నా పెట్టె మీద ఈ మాట ఉందో లేదో చదివి కొనండి. లేకపోతే వద్దు. మీకు పొద్దంతా ఎండ అంటున్నారు కాబట్టి మిగతావన్నీ దీని తర్వాతే.

ఇక రాత్రి నంబరు సంగతి. ఇక్కడ 4కే మిమ్మల్ని ఆదుకోదు. వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కో బొమ్మకి ఎక్కువసేపు కన్ను తెరిచి ఉంచుతుంది, ఈలోపు ఎదుటి బండి కదిలిపోతుంది, నంబరు అలుక్కుపోతుంది. ఎన్ని పిక్సెళ్లున్నా ఆ అలుకుడు పోదు. పైగా 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ వస్తున్న హెచ్ఎస్ఆర్పీ (హై సెక్యూరిటీ) నంబరు ప్లేట్లకి వెలుగు తిప్పికొట్టే గుణం ఉంది. మీ హెడ్‌లైటు సూటిగా పడితే ప్లేటు తెల్లటి మచ్చలా కనపడుతుంది. అందుకని చీకట్లో బాగా చూసే స్టార్‌విస్ సెన్సార్, వెలుగు చీకట్ల తేడాని సర్దే హెచ్‌డీఆర్ ఉన్న 2కే (4కే కన్నా తక్కువ పిక్సెళ్ల) కెమెరా చూడండి. మీ డబ్బులకి అదే న్యాయం. సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోజర్ (బొమ్మకి అందే వెలుగు) ఒక మెట్టు తగ్గిస్తే ప్లేటు కాస్త తేరుకుంటుంది.

అంతకన్నా గట్టి ఉపాయం ఇంకోటుంది. మైకు ఆన్‌లో ఉంచండి. ఎవడైనా గుద్ది పోతుంటే నంబరు మీ కంటికి కనపడినంత వరకు పైకి గట్టిగా చదివేయండి. కెమెరా కంటికి అందనిది మైకుకి అందుతుంది. అమ్మగారి అనుమానానికి జవాబు కూడా ఇదే: ఔను, రికార్డవుతుంది, కానీ కార్డు నిండగానే పాతది చెరిపేసి దాని మీదే కొత్తది ఎక్కుతుంది. అంతగా ఇబ్బందైతే చాలా కెమెరాలకి మైకు ఆపే మీట పక్కనే ఉంటుంది, గొడవ పడేముందు నొక్కుకోమనండి.

కార్డు దగ్గర పిసినారితనం వద్దు. ఫోన్లలో వేసే మామూలు కార్డు రోజంతా రాయడం చెరపడం తట్టుకోలేదు. కొన్నాళ్లకి చప్పుడు చేయకుండా చచ్చిపోతుంది, కెమెరా మీద ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. అవసరమైన రోజు తీసి చూస్తే ఖాళీ. శాండిస్క్ హై ఎండ్యూరెన్స్, శామ్‌సంగ్ ప్రో ఎండ్యూరెన్స్ లాంటివి దీని కోసమే చేసినవి. ముందు 2కే, వెనక 1080పీ కలిపితే గంటకి సుమారు 15 జీబీ దాకా పోతుంది. 128 జీబీ వేస్తే ఎనిమిది గంటల ప్రయాణం నిలుస్తుంది, మీకు చాలు. కార్డు కంప్యూటర్లో కాదు, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, నెలకోసారి.

ఇంకో తంటా మన రోడ్లది. గుద్దుకున్న కుదుపు తగిలితే ఆ ఫైలు చెరగకుండా తాళం వేసుకునే జీ-సెన్సార్ ఉంటుంది. దాన్ని 'హై'లో పెడితే మన గట్టు మీద ప్రతి గోతికీ, ప్రతి ఊళ్లో స్పీడ్ బ్రేకర్‌కీ యాక్సిడెంటే అనుకుంటుంది. తాళం వేసిన ఫైళ్లతో కార్డు నిండి, మామూలు రికార్డింగ్‌కి చోటు ఉండదు. 'లో'లో పెట్టండి. గన్నవరం అక్విడెక్టు దాటి ఇంటికెళ్లాక చూడండి, ఫైళ్లకి తాళాలు పడకపోతే సరిపోయినట్టే.

ఇప్పుడు వైరింగ్. పాటల సిస్టమ్ వైరు తెగ్గొడతానన్నవాడి చేతికి బండి ఇవ్వకండి. మనం ఏ వైరూ కోయక్కర్లేదు. హార్డ్‌వైర్ కిట్టు అని వస్తుంది, అందులో మూడు వైర్లు: ఎప్పుడూ కరెంటు ఉండేదొకటి, తాళం తిప్పితేనే వచ్చేదొకటి, ఎర్త్. ఆ రెండు కరెంటు వైర్లకీ, ఫ్యూజ్ బాక్సులో మీకు పెద్దగా పనిలేని ఫ్యూజు ఒక్కోటి తీసి ఆ చోట ఫ్యూజ్ ట్యాప్ గుచ్చాలి. పాత ఫ్యూజు కింద గాడిలో, కెమెరాకి వేసే చిన్న ఫ్యూజు పై గాడిలో. తాళంతో వచ్చే కరెంటుకి సిగరెట్ లైటర్ ఫ్యూజు బాగుంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ ఫ్యూజుల జోలికి ఎవరినీ వెళ్లనివ్వకండి. మల్టీమీటర్ పెట్టి చూడకుండా అందాజాగా గుచ్చేవాడైతే లేచి వచ్చేయండి.

ఎర్త్ దగ్గర మనవాళ్లు అస్సలు శ్రద్ధ పెట్టరు. బాడీ బోల్టు కింద పెయింటు గీకి బిగించాలి, బిగించాక కొంచెం గ్రీజు రాయాలి. నరసాపురం, అంతర్వేది వైపు బండ్లకి ఉప్పుగాలికి ఆ బోల్టు తుప్పుపట్టి కెమెరా ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. నా దగ్గరకొచ్చే "కెమెరా పాడైంది" కేసుల్లో కెమెరా బాగానే ఉన్నవి చాలా ఉంటాయి.

వైరు పైకప్పు అంచు లోపలికి నెట్టి, ముందు అద్దం పక్కనుండే పిల్లర్ మీదుగా కిందికి దింపాలి. మీ పాత స్విఫ్ట్‌కి ముందు రెండు ఎయిర్‌బ్యాగులే కాబట్టి భయం లేదు. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌కి ఆరు ఉంటాయి, పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఆ పిల్లర్ వైపే ఉంటుంది. అలాంటి బండికి వైరు బ్యాగు వెనక నుంచి పోవాలి తప్ప ముందు నుంచి పోకూడదు. ఇది చదివే కొత్త బండ్లవాళ్లు గుర్తు పెట్టుకోండి.

వెనక కెమెరా పెట్టించండి. మనకి వెనక నుంచి తగిలించేది ట్రాక్టర్లు, రొయ్యల వ్యాన్లు. ఐసు నీళ్లు కారి రోడ్డు తడిసి ఉంటుంది, బ్రేకు పడదు. డిక్కీ తలుపు అద్దం లోపల అంటించి, వైరుని తలుపు దగ్గరి రబ్బరు గొట్టంలోంచి లాగించండి. బయట వేలాడదీస్తే డిక్కీ వేసిన ప్రతిసారీ నలిగి తెగుతుంది. వెనకద్దానికి నల్ల ఫిల్మ్ ఉంటే రాత్రి అందులో ఏమీ పడదు.

ఆకివీడు గారూ, మీ సంగతి. పార్కింగ్ మోడ్‌లో కెమెరా పావు నుంచి అర ఆంపియర్ లాగుతూనే ఉంటుంది. చిన్న కార్ల బ్యాటరీ సుమారు 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) ఉంటుంది. షెడ్డులో ఒకటిన్నర రోజు ఉంచితే సగం దాకా ఖాళీ. బ్యాటరీ వోల్టేజ్ అంతకి పడగానే కెమెరాకి కరెంటు ఆపేసే కట్-ఆఫ్ కిట్టు మీద ఉంటుంది, మీది 11.8 దగ్గర పెట్టి ఉంటారు. 12.2 లేదా 12.4కి మార్చండి, పాలేర్లకి తోసే పని తప్పుతుంది.

గట్టు రోడ్డు మాస్టారు (పి.గన్నవరం)

చాలా ధన్యవాదాలండి. మా ఆవిడకి చదివి వినిపించాను, మీట సంగతి విని నవ్వింది. ఇంకొక్కటి. రేపు నిజంగా ఏదైనా జరిగితే ఆ వీడియో స్టేషన్లో చెల్లుతుందా? ఫోన్లో పెట్టుకుని చూపిస్తే చాలా?

నల్లకోటు (నరసాపురం)

చెల్లుతుంది మాస్టారూ, ఇచ్చే పద్ధతిలో ఇస్తే. 2024 జులై 1 నుంచి ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. వీడియోల్లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సెక్షన్ 65బీ అని అందరూ అనేది ఇప్పుడు సెక్షన్ 63. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఇస్తే దానితోపాటు సర్టిఫికెట్ పెట్టాలి. దాన్లో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి, అంటే ఫైలు మారలేదని చెప్పే గుర్తు. అందుకే ప్రమాదం జరిగాక అసలు కార్డు తీసి పక్కన పెట్టేయండి, కెమెరాలో వేరే కార్డు వేసుకోండి. ఊరి వాట్సాప్ గ్రూపులో ముందే పెట్టేసి, తిరిగి దాన్నే డౌన్‌లోడ్ చేసి తెచ్చేవాళ్లున్నారు. అది కుదించిన కాపీ, దాని హ్యాష్ అసలు ఫైలుతో కలవదు.

కెమెరాలో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటూ ఉండండి. జీపీఎస్ ఉంటే టైమ్ జోన్ +5:30 పెట్టాలి, లేకపోతే అయిదున్నర గంటల తేడాతో మీ సాయంత్రం ప్రమాదం మధ్యాహ్నం జరిగినట్టు వస్తుంది. అవతలి లాయరుకి అది చాలు. జీపీఎస్ వేగం కూడా రాస్తుంది, మీ వేగమే ఎక్కువుంటే ఆ వీడియో మీ మీదే సాక్ష్యం.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం గాయపడినవాళ్లకి వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత. జనం మీదపడే పరిస్థితి ఉంటే మినహాయింపు ఉందని అదే సెక్షన్‌లో రాసి ఉంది. అలాంటప్పుడు నేరుగా స్టేషన్‌కి వెళ్లి చెప్పండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా తెలియజేయాలి. రోడ్డు మీద డబ్బులిచ్చి తేల్చుకునే ముందు కనీసం ఒక ఫోన్ చేయండి.

చెరువు గట్టు (ఆకివీడు)

కట్-ఆఫ్ 12.4కి మార్చాను. బండి సెల్ఫ్ కొడుతోంది. అయినా పగటిపూట 4కే 4కేనే, అది మాత్రం ఒప్పుకోను.

బ్యాటరీ షాపు (పాలకొల్లు)

పగలు ఒప్పుకుంటాను. మీరు తిరిగేది హైవే, మాస్టారు తిరిగేది చీకటి గట్టు.

గట్టు రోడ్డు మాస్టారు (పి.గన్నవరం)

కెపాసిటర్ ఉన్న 2కే, వెనక కెమెరాతో కలిపి ఆర్డర్ పెట్టాను. కార్డు, కిట్టు విడిగా. బడ్జెట్ కొంచెం దాటింది, ఫర్వాలేదు. ముందుది అద్దానికి ఎక్కడ అంటించాలండి? చించినాడ వంతెన మీదుగా మీ షాపుకే వచ్చేద్దామనుకుంటున్నాను.

బ్యాటరీ షాపు (పాలకొల్లు)

రండి. లోపలి మిర్రర్ వెనక, ఎడమ పక్కకి, వైపర్ తుడిచే జాగాలో అంటించాలి. వానాకాలంలో వైపర్ అందని చోట ఉంటే ఏమీ పడదు. మీ కంటికి అడ్డం రాకూడదు. డ్యాష్‌బోర్డు మీద తెల్ల టవలు, దేవుడి బొమ్మ ఉంటే తీసేయండి, వాటి నీడ అద్దంలో పడి వీడియోలో కనపడుతుంది. ముందు రోజు అద్దం లోపలివైపు శుభ్రంగా తుడిపించండి, స్పిరిట్ నేను పెడతాను. కిట్టుతో ఫ్యూజ్ ట్యాప్ వచ్చిందో లేదో చూడండి, రాకపోతే మినీ సైజు నా దగ్గరుంది. పొద్దున్నే తొమ్మిదింటికల్లా వస్తే అద్దం వేడెక్కకముందే అంటించేయొచ్చు. శుక్రవారం సెలవు.