యలహంకను ఊరు చేసింది ఎయిర్‌పోర్టా, కెంపేగౌడా?

న్యూటౌన్ నాని:
మా టీమ్‌లో ఒకాయన "యలహంకకి చరిత్రేముంది? 2008లో దేవనహళ్లి దగ్గర ఎయిర్‌పోర్ట్ వచ్చాకే అది ఊరైంది" అని తేల్చేశాడు. నేను బెంగళూరుకి ఉత్తరాన ఉన్న ఈ యలహంకలోనే అద్దెకుంటున్నాను. ఒళ్లు మండింది గానీ గట్టి జవాబు తోచలేదు. ఇక్కడున్న మన తెలుగువాళ్లు ఏమంటారు?

బళ్లారిరోడ్ బాబు:
ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఏ అపార్ట్‌మెంట్ బ్రోచర్ తీసినా ఎయిర్‌పోర్ట్‌కి ఎన్ని నిమిషాలన్నదే పెద్దక్షరాల్లో ఉంటుంది. పాత పేరు ఉన్నంత మాత్రాన ఊరికి గిరాకీ రాదు.

సీమ శీనయ్య:
బాబూ, అసలు బెంగళూరే యలహంక కన్న బిడ్డ. 1537లో బెంగళూరు కోట కట్టించిన కెంపేగౌడ యలహంక నాడప్రభువు, అంటే ఈ ప్రాంతాన్ని ఏలినవాడు. పైగా తెలుగులో యక్షగానం రాశాడని కూడా చెబుతారు. మన రాజు సంగతి మనకే తెలియకపోతే ఎట్లా?

రైలుచక్రం:
శీనయ్య గారూ, 'మన రాజు' దగ్గర కాస్త ఆగుదాం. ఆ కాలం పాళెగాళ్ల కొలువుల్లో తెలుగూ కన్నడమూ రెండూ నడిచేవి. అంతమాత్రాన మనం వాటా అడగలేం. అదీగాక ఆయన కొత్త కోట కట్టుకుని మకాం అక్కడికే మార్చేశాడు. వదిలేసి వెళ్లిన రాజు పేరు చెప్పుకుంటే, ఆ తర్వాత ఈ ఊరు ఎట్లా బతికిందో తెలియదు కదా.

నన్నడిగితే, ఊరిని నిలబెట్టింది మధ్యలో వచ్చిన సర్కారీ సంస్థలు. నగరంలో చోటు చాలనివన్నీ ఇక్కడికే తెచ్చారు. వైమానిక స్థావరం, మదర్ డెయిరీ, హౌసింగ్ బోర్డు వేసిన న్యూటౌన్, 1984లో రైలు చక్రాల ఫ్యాక్టరీ. అంతకుముందు రైల్వే చాలా చక్రాలూ ఇరుసులూ విదేశాల నుంచి తెప్పించుకునేది. ఇక్కడ రైల్వే తుక్కునే ఎలక్ట్రిక్ కొలిమిలో కరిగించి, ఆ ఉక్కును ఒత్తిడితో కింది నుంచి గ్రాఫైట్ అచ్చులోకి ఎక్కిస్తారు. మా నాన్న అందులోనే చేసి రిటైరయ్యారు. హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది.

ఇంకోటి. 1996 నుంచి ఇక్కడి స్థావరంలో వైమానిక ప్రదర్శన జరుగుతోంది. 2023లో దానికోసం స్థావరం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు మాంసం అమ్మకాలు ఆపేశారు. వ్యర్థాల కోసం గద్దలు మూగితే విమానాలకి తగులుతాయని భయం. పైన విమానం ఎగిరితే కింద పొయ్యి మీద కూర మారిపోయే ఊరు ఇంకెక్కడుంది? మా ఇంట్లో ఆ ఆదివారాలు పప్పుచారే.

బళ్లారిరోడ్ బాబు:
సంస్థలు ఊరు కావు బాస్. క్వార్టర్స్‌లో వాళ్లు రిటైరైతే సామాను సర్దుకుని పోతారు.

రైలుచక్రం:
పోలేదుగా! మా నాన్న తోటివాళ్లు చాలామంది న్యూటౌన్ సెక్టార్లలో ఇళ్లు కొనుక్కుని ఉండిపోయారు. పొద్దున పార్కుకి రండి, సగం మాటలు తెలుగే. ఎయిర్‌పోర్ట్ టాక్సీలంటారా, అవి బళ్లారి రోడ్డు మీదే దూసుకుపోతాయి. పాత ఊళ్లోకి తొంగి కూడా చూడవు.

చెరువుగట్టు అక్క:
రాజులన్నారు, రైళ్లన్నారు, చెరువునెవరూ తలచుకోలేదు. 2021 నవంబర్‌లో యలహంక చెరువు పొంగి కేంద్రీయ విహార్ అపార్ట్‌మెంట్లలోకి నీళ్లొస్తే జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు. 2024 అక్టోబర్‌లో మళ్లీ అదే కథ. చెరువు నిండితే నీళ్లు రాజకాలువలో, అంటే వాననీటి పెద్ద కాలువలో, పడి కిందికి పోవాలి. కాలువే ఇరుకైతే ఎక్కడికి పోతాయి?

2007 దాకా యలహంకకి సొంత మున్సిపాలిటీ ఉండేది. కాలువ పూడితే ఊళ్లోనే ఆఫీసు, వెళ్లి గట్టిగా అడిగేవాళ్లం. తర్వాత బెంగళూరు మహానగర పాలికలో కలిపేశారు. 2025 సెప్టెంబర్ నుంచి బెంగళూరు ఉత్తర నగరపాలిక అంటున్నారు. ఎయిర్‌పోర్ట్ ధరలు పెంచిందంటే సరే, ఒప్పుకుంటాను. ఊరు ఊరుగా ఉన్నది మాత్రం మున్సిపాలిటీ రోజుల్లోనే అని నా వాదన.

సీమ శీనయ్య:
అక్క మాట కాదనలేను. కానీ కెంపేగౌడని వదులుకునేది లేదు.

న్యూటౌన్ నాని:
మా టీమ్‌లో ఆయనకి చక్రాల సంగతి రేపే చెప్తాను. అక్కా, వచ్చే నెల ఇల్లు మారాలి, కేంద్రీయ విహార్ పక్కనే ఒక గ్రౌండ్ ఫ్లోర్ చూశాను. అద్దె ఎందుకంత తక్కువో ఇప్పుడర్థమైంది. తీసుకోవచ్చంటారా?

చెరువుగట్టు అక్క:
ఫస్ట్ ఫ్లోర్ ఖాళీగా ఉందేమో అడుగు నాయనా.