పదేళ్ల పాపకి సైటు పెరగకుండా లెన్సులు: మన ఎండ, దుమ్ములో కుదురుతాయా?

ప్రశ్న (ఒంగోలు)
పాపకి పదేళ్లు. పోయినేడాది రెండు కళ్లకీ మైనస్ 1.50, ఇప్పుడు మైనస్ 2.25. సిలిండర్ (కంటి వంపు తేడాకి వేసే పవర్) 0.50. సైటు పెరుగుదలని తగ్గించే కాంటాక్ట్ లెన్సులు వేద్దామన్నారు డాక్టరు గారు. మామూలు లెన్సులకీ వీటికీ తేడా ఏంటి? జూన్‌లో నెల్లూరు హాస్టల్లో ఆరో తరగతికి చేర్చాలనుకుంటున్నాం. అక్కడ కుదురుతుందా?

జవాబు 1 (ఆప్టోమెట్రిస్ట్, నెల్లూరు)
మైనస్ సైటు పెరుగుతోందంటే చాలామంది పిల్లల్లో కనుగుడ్డు వెనక్కి సాగుతోందని అర్థం అండీ. మామూలు లెన్సు చూపుని సరిచేస్తుందే గానీ ఆ సాగడాన్ని ఆపదు. ఈ లెన్సులో మధ్యలో పాప పవరే ఉంటుంది. చుట్టూ కొన్ని వలయాల్లో 2.00 ప్లస్ కలిపి ఉంటుంది. ఆ వలయాల గుండా వెళ్లే వెలుతురు రెటీనాకి (కంటి వెనక ఉండే తెరకి) కాస్త ముందుభాగంలోనే కలుస్తుంది. దాంతో గుడ్డు సాగడం నెమ్మదిస్తుంది.

ఈ రకంలో మైసైట్ అనే లెన్సుకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో అనుమతి ఇచ్చింది. 8 నుంచి 12 ఏళ్ల లోపు మొదలుపెట్టాలి, పవర్ మైనస్ 0.75 నుంచి 4.00 మధ్య, సిలిండర్ 0.75 దాటకూడదు. మీ పాప ఈ లెక్కల్లోనే ఉంది. మూడేళ్ల పరీక్షలో మామూలు లెన్సులు వేసుకున్న పిల్లలతో పోలిస్తే పవర్ పెరుగుదల సగటున 59 శాతం, గుడ్డు పొడవు పెరుగుదల 52 శాతం తగ్గాయి. అంటే పూర్తిగా ఆగదు, వచ్చిన సైటు వెనక్కీ పోదు.

మొదలుపెట్టే ముందు చుక్కలు వేసి పవర్ చూడాలి, మెషీన్ మీద గుడ్డు పొడవు కొలవాలి. ఆ కొలత కాగితం దాచుకోండి, ఆర్నెల్లకోసారి దాంతో పోల్చాలి. పొడవు కొలవకుండా లెన్సులిచ్చే చోట నేనైతే మొదలుపెట్టమనను. రోజుకి కనీసం 10 గంటలు, వారానికి 6 రోజులైనా పెట్టుకోవాలి. బడికి మాత్రం పెట్టి ఇంటికి రాగానే తీసేస్తే ఫలితం పలచబడుతుంది.

జవాబు 2 (లెన్స్ క్లినిక్, ఒంగోలు)
దుమ్ము కన్నా నీళ్లతోనే పెద్ద ప్రమాదం. బోరు నీళ్లయినా మున్సిపల్ నీళ్లయినా లెన్సుకి తగలకూడదు. వాటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటి నల్లగుడ్డుని దెబ్బతీస్తుంది. సబ్బుతో చేతులు కడిగాక పూర్తిగా తుడుచుకోవాలి. పిల్లలు తప్పేది ఇక్కడే: తడి వేలికి లెన్సు అతుక్కుపోతుంది, వెంట నీళ్లూ కంట్లోకి పోతాయి. వేలి కొన మీద పెట్టి పక్క నుంచి చూడండి. అంచు గిన్నెలా నిటారుగా ఉంటే సరైన వైపు, బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు.

ఇవి రోజుకో జత. దుమ్ము పడితే కడగొద్దు, పారేసి కొత్తది పెట్టాలి. బ్యాగులో ఒక అదనపు జత, కళ్లజోడు ఎప్పుడూ ఉండాలి. కొత్తపట్నం, మైపాడు బీచిలో మునిగే ముందు, బస్సులో కునుకు తీసే ముందు కూడా తీసేయాలి.

హాస్టల్ విషయంలో నా మాట: తనంతట తాను పెట్టుకుని తీయడం బాగా అలవాటయ్యేదాకా వద్దు. రాత్రి పెట్టుకునే ఆర్థో-కె లెన్సులైతే రోజూ సొల్యూషన్‌తో శుభ్రం చేయాలి, అక్కడ అవి ఇంకా కష్టం. హాస్టల్ తప్పదంటే స్టెల్లెస్ట్, మయోస్మార్ట్ లాంటి కళ్లజోడు అద్దాలున్నాయి, అవీ దాదాపు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. సైటు పెరుగుదలని తగ్గించే అట్రోపిన్ చుక్కల గురించీ డాక్టరు గారిని అడగండి.

ప్రశ్న అడిగినవారు
చూపు మసకగా ఉంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు 1
మొదటి రోజుల్లో అక్షరాల పక్కన నీడ, రాత్రి లైట్ల చుట్టూ వలయం కనిపిస్తాయి, చాలామందికి తగ్గిపోతాయి. తగ్గకపోతే లెన్సు పక్కకి జరుగుతోందేమో క్లినిక్‌లో చూపించండి. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే వెంటనే తీసేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేయొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్‌ఫెక్షన్ ముదిరిపోతుంది.