వర్షారణ్య గ్రామాలకు ఉపాధ్యాయుల అధ్యయన యాత్ర: ఎక్కడికి వెళ్ళాలి?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, మధురవాడ

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో జీవశాస్త్రం, సాంఘికశాస్త్రం బోధించే మేము ఆరుగురం వచ్చే వేసవి సెలవుల్లో సొంత ఖర్చుతో ఏదైనా వర్షారణ్య ప్రాంతంలో పది రోజులు ఉండి, అక్కడి ప్రజల జీవనం చూసి, దాని ఆధారంగా పాఠాలు తయారుచేసుకోవాలని అనుకుంటున్నాము. పెరూలోని అమెజాన్ తీరం, మన రేవు నుంచే ఓడ వెళ్ళే అండమాన్, పడమటి కనుమలు అనే మూడు ఆలోచనలు ఉన్నాయి. తిరిగి వచ్చి పిల్లలకు ఫొటోలు చూపించి ఊరుకునే యాత్ర మాకు వద్దు. అనుభవజ్ఞులు దయచేసి సలహా ఇవ్వండి.

సమాధానం: విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, ఎం.వి.పి. కాలనీ

అమ్మా, అండమాన్‌లో సతతహరితారణ్యాలు నిజంగా గొప్పవే గాని, మీరు కోరుతున్నది అడవితో పాటు మనుషులను కూడా. అక్కడి జరావా ఆదిమ తెగవారు మన అధ్యయనానికి వస్తువులు కారు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల ప్రకారం వారి రిజర్వులోకి అనుమతి లేకుండా వెళ్ళరాదు, వారిని ఫొటో తీయడం కూడా నేరం.

నా మాట వింటే పడమటి కనుమల్లో, కేరళలోని పులుల అభయారణ్యమైన పెరియార్‌కు వెళ్ళండి. ధన్‌బాద్-అలెప్పీ ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం చేరి, అక్కడి నుంచి బస్సులో ఆ అడవి అంచునున్న కుమిలి ఊరికి వెళ్ళవచ్చు. ఒకప్పుడు అడవి దాల్చినచెక్కను దొంగచాటుగా ఒలిచి అమ్ముకున్నవారే అక్కడ అటవీశాఖతో కలిసి కమిటీగా ఏర్పడి, ఇప్పుడు సందర్శకులకు దారి చూపుతూ అడవికి కాపలా కాస్తున్నారు. వారితో ఒక రోజు నడిస్తే, అడవిని కాపాడడమంటే అక్కడివారి బతుకుతెరువును ఆలోచించడమేనని వేరే చెప్పనక్కరలేదు.

మీలోని సాంఘికశాస్త్రం వారికి కేరళ దక్షిణాన ఉన్న అగస్త్యమలై కొండల కాణి తెగ ఉదంతం ఒక్కటే వారం రోజుల పాఠం. 1987లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి యువకులు అలసట తెలియకుండా ఒక మొక్క కాయలు తింటూ నడిచారు. ఆ ఆరోగ్యపచ్చ మొక్క ఆధారంగా కేరళలోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ ‘జీవని’ అనే మందును రూపొందించి, లైసెన్సు రుసుములో సగం కాణివారికి ఇవ్వడానికి ఒప్పుకోగా, ఆ సొమ్ము కోసం 1997లో వారి పేరిట ఒక ట్రస్టు ఏర్పడింది. తెలివి ఎవరిది, ఫలం ఎవరికి అన్న ప్రశ్నను పదో తరగతి పిల్లలు చక్కగా చర్చించగలరు.

జూన్ మొదట్లో అక్కడ వానలు మొదలవుతాయి కనుక మే మధ్యలోనే వెళ్ళిరండి.

సమాధానం: భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు, గాజువాక

పెరూ వైపే మొగ్గితే ముందుగా సెలవు, విదేశీ ప్రయాణ అనుమతులు చూసుకోండి. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది. అది లేకుండా తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. పైగా పెరూ అమెజాన్ ప్రాంతంలోని పెద్ద ఊరైన ఇక్విటోస్‌కు బయటి నుంచి రోడ్డు లేదు. విమానంలోనో పడవలోనో చేరాలి. మీ పది రోజుల్లో చాలా భాగం ప్రయాణానికే పోతుంది.

సమాధానం: గిరిజన ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని, పాడేరు

మేడమ్, ఎక్కడికి వెళ్ళినా ముందు రెండు రోజులు మా మన్యంలో గడపండి. మాది వర్షారణ్యం కాదు, ఎక్కువగా ఆకురాల్చే అడవి. అందుకే పోల్చడానికి పనికివస్తుంది. ఒక మీటరు చదరంగా తాడు పరచి, అందులో రాలిన ఆకుల మందాన్ని ఇక్కడా, పెరియార్‌లోనూ కొలిచి రాసుకోండి. వర్షారణ్యంలో వేడికీ తేమకీ ఆకు త్వరగా కుళ్ళిపోతుంది, ఆ సారాన్ని వేళ్ళు వెంటనే లాగేసుకుంటాయి. అందువల్ల పైన అంత పచ్చదనమున్నా కింద నేల తరచు నిస్సారంగానే ఉంటుంది. అమెజాన్ రైతు చెట్లు కొట్టి కాల్చి, ఆ బూడిద బలంతో కర్రపెండలం వేసి, కొన్నేళ్ళకు ఆ నేల చెక్కను అడవికి వదిలేయడానికి కారణం ఇదే. మా కొండపోడులో చోడి, సామ, కంది పండించే పెద్దలకు ఈ లెక్క చెప్పి చూడండి, వాళ్ళే మీకు మిగతా పాఠం చెబుతారు.

మీ తరగతిలో ఏజెన్సీ పిల్లలు ఉంటే, ప్రశ్నలు వారి చేతే రాయించుకుని తీసుకువెళ్ళండి. వారి ఇళ్ళకు వెళ్ళేటప్పుడు మాత్రం ముందుగా ఊరి పెద్దలను అడగండి. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక బృందం అడగకుండా ముసలమ్మల ముఖాల దగ్గర కెమెరాలు పెట్టింది. ఆ తరువాత చాలాకాలం మా పిల్లల తల్లులు బడి సమావేశాలకు కూడా రాలేదు.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. పెరియార్‌కే వెళ్దామని మా ఆరుగురం నిర్ణయించుకున్నాము. పాడేరు మేడమ్, ఏప్రిల్ చివరి వారంలో మీ ఊరి సంత రోజున రావచ్చునా? పెద్దలను అడిగి చెప్పండి, వారు సరేనంటేనే బయలుదేరుతాము.