షాడో బాక్స్‌లో కాగితం పొరలు ఉబ్బుతున్నాయి, వైజాగ్ తేమకి ఏం చేయాలి?

సాగరతీరం:
షాడో బాక్స్ అంటే కోసిన కాగితాల్ని పొరలుగా, సందులు వదిలి పేర్చే లోతైన పెట్టె. నాది 4×6 అంగుళాల పెట్టెలో డాల్ఫిన్స్ నోస్ కొండ, మీద లైట్‌హౌస్, కింద అలలు. మొత్తం 7 పొరలు. 120 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కలర్ పేపర్, ఫెవికాల్, పొరల మధ్య 3 మి.మీ. సన్‌బోర్డ్ (గట్టి ఫోమ్ షీట్) ముక్కలు. రెండ్రోజులకే అలల పట్టీ ఉబ్బి ముందు పొరకి తగులుతోంది. వెనక ఎల్‌ఈడీ వేస్తే చుక్కలు చుక్కలుగా కనబడుతోంది. పేపర్ మార్చాలా, జిగురు మార్చాలా?

కత్తెరకాగితం:
రెండూ మార్చండి గానీ, ముందు గ్రెయిన్, అంటే కాగితంలో పీచు పరుచుకున్న దిశ, చూడండి. తేమ పీల్చిన పీచు లావెక్కుతుందే తప్ప పొడవు పెద్దగా పెరగదు, అందుకే కాగితం గ్రెయిన్‌కి అడ్డంగా సాగుతుంది. మీ పట్టీ అడ్డం గ్రెయిన్‌లో కోసినట్టుంది. సాగిందంతా 6 అంగుళాల వైపే పడింది, చివరలు రెండూ అంటించేసి ఉన్నాయి, మరి ఉబ్బక ఏం చేస్తుంది? చిన్న ముక్కకి ఒకవైపు తడి అద్దండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం పొడవు ఎటుంటే గ్రెయిన్ అటు. అన్ని పొరలకీ అది 6 అంగుళాల వైపే ఉండాలి.

పేపర్ 180-200 జీఎస్‌ఎం చాలు. అంతకంటే మందమైతే సన్న పని కోయలేం. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కాబట్టి ఫోమ్ టేప్ వాడండి. పొరని పెట్టె గోడకి తగలనీయొద్దు, చుట్టూ 1 మి.మీ. వదలండి.

దీపస్తంభం:
లైటు సంగతి. 7 పొరలకి 6 సందులు, 3 మి.మీ. చొప్పున 18, కాగితాల మందం కలిపితే దాదాపు 20 మి.మీ. ఎల్‌ఈడీకి, చివరి పొరకి మధ్య ఇంకో 15-20 మి.మీ. వదిలి, ఆ పొర వెనక ట్రేసింగ్ పేపర్ అతికించండి. అంటే పెట్టె లోతు 40 మి.మీ. దాకా కావాలి. లోతు లేకపోతే ఎల్‌ఈడీ స్ట్రిప్‌ని వెనక కాకుండా పక్క గోడలకి అంటించండి. ముదురు రంగు ముందు, లేత రంగు వెనక.

సాగరతీరం:
గ్రెయిన్ అడ్డంగానే ఉందండీ! ఇంకొకటి, లైట్‌హౌస్ బాల్కనీ కమ్మీలు కోస్తుంటే తెగిపోతున్నాయి.

కత్తెరకాగితం:
కమ్మీ 1 మి.మీ.కి తగ్గించకండి. మెడికల్ షాపులో 11 నంబరు సర్జికల్ బ్లేడు, 3 నంబరు పిడి అడగండి. లోపలి రంధ్రాలు ముందు, బయటి గీత ఆఖర్న. గీత ముందే కోస్తే కాగితం పట్టు తప్పి కదులుతుంది. మూల దగ్గర రెండు కోతలూ మూలలోంచే మొదలెట్టి బయటికి లాగండి. లోపలి ముక్క ఊడిరాకపోతే పీకొద్దు, మళ్లీ బ్లేడు మొన దించండి. కోసిన అంచు నూగులా లేచిందంటే బ్లేడు అయిపోయినట్టే.

దీపస్తంభం:
వానాకాలంలో అయితే, కోసిన పొరల్ని సిలికా జెల్‌తో (తేమ పీల్చే గుళికల ప్యాకెట్) జిప్ కవర్లో ఒక రాత్రి ఉంచి, తీసిన వెంటనే బిగించి వెనక టేప్ వేసేయండి. సీల్ చేయని పెట్టెలో జెల్ ప్యాకెట్ పడేస్తే దండగ, మన గాలిలో తేమకి ఇట్టే నిండిపోతుంది.