బిట్ లేని కళ్లెంతో గుర్రం ఆగడం లేదు, ముక్కు మీద పుండు పడింది

ప్రశ్న:
ఏడేళ్ల ఆడ గుర్రం అండీ. బిట్ (నోట్లో ఉండే లోహపు కడ్డీ) తీసేసి, ముక్కుపట్టీ రెండు పక్కలా పగ్గాలు కట్టే సైడ్‌పుల్ కళ్లెం వేస్తున్నాను. మైదానంలో నడకలో చక్కగా మాట వింటుంది. ట్రాట్‌లో (చిన్న పరుగులో) ఆపబోతే మాత్రం ముక్కు ముందుకు చాచి పగ్గాల మీద బరువేసి లాగేస్తోంది. ముక్కుపట్టీ ఆనే చోట వెంట్రుకలు రాలాయి, చెంప ఎముక దగ్గర చర్మం లేచి చిన్న పుండైంది. హ్యాకమోర్‌కి (ముక్కు, గడ్డం మీద నొక్కే ఇంకో రకం బిట్ లేని కళ్లెం) మారమని కొందరంటున్నారు. మారనా?

జవాబు:
ఇప్పుడే మారకండి. ముందు పుండు మాననివ్వండి, అంతవరకు ఆ చోట ఏ పట్టీ ఆనకూడదు. నొప్పి ఉన్న చోటే లాగుతుంటే ఏ గుర్రమైనా ముక్కు చాస్తుంది.

తర్వాత పట్టీ ఎత్తు చూడండి. చెంప మీద తడిమితే కంటి కింద నుంచి ముందుకు వచ్చే ఎముక గట్టు చేతికి తగులుతుంది. అది ఎక్కడ ఆగుతుందో అక్కడికి రెండు వేళ్లు కిందుగా పట్టీ పై అంచు రావాలి. మీరు చెప్పిన పుండును బట్టి మీ పట్టీ ఆ గట్టు మీదే రాసుకుంటోంది. అలాగని మరీ దించేయకండి. ముక్కు నడిమి మీద బొటనవేలితో నొక్కుకుంటూ కిందికి వస్తే గట్టిగా ఉన్నది ఒకచోట మెత్తబడుతుంది. అక్కడి నుంచి మృదులాస్థి. దానికి ముందే ఎముక బాగా పలచబడుతుంది కాబట్టి పట్టీ ఆ మెత్తటి చోటికి చాలా పైనే ఉండాలి.

బిగువు ముక్కు ఎముక మీదే కొలవాలి, రెండు వేళ్లు దూరాలి. పక్కన కండ మెత్తగా ఉంటుంది, అక్కడ కొలిస్తే ఎంత బిగించినా వదులుగానే అనిపిస్తుంది. మరీ వదులైతే ఇంకో చిక్కు: ఎడమ పగ్గం లాగినప్పుడు పట్టీ మొత్తం జరిగి, కుడి చెంపపట్టీ కంట్లోకి వస్తుంది. దవడ వెనక వైపు అదనంగా ఒక పట్టీ ఉన్న సైడ్‌పుల్ అయితే ఈ బాధ తగ్గుతుంది.

పళ్లు కూడా చూపించండి. పై దవడ పళ్ల బయటి అంచులు అరుగుదలకి పదునెక్కుతాయి. ముక్కుపట్టీ చెంపను నేరుగా వాటి మీదికి నొక్కుతుంది. బిట్ లేదు కదా అని పళ్ల సంగతి వదిలేయడం చాలామంది చేసే తప్పు.

మరొకరి జవాబు:
అమరిక గురించి పైన బాగా చెప్పారు. ఆగకపోవడానికి ఇంకో కారణం ఉంది. రెండు పగ్గాలూ సమంగా పట్టి లాగుతూనే ఉంటే గుర్రానికి ఆనుకోవడానికి ఊతం దొరుకుతుంది. దాని మెడ బలం ముందు మన చేతులు నిలవవు. వదలడం వల్లే అది నేర్చుకుంటుంది.

కింద నిలబడి మొదలుపెట్టండి. ఎడమ భుజం పక్కన నిలబడి, ఒక పగ్గాన్ని వేళ్లతో మెల్లగా బిగించండి. ముక్కు ఒక అంగుళం ఇటు తిరిగినా, బరువు కాస్త వెనక్కి జరిగినా ఆ క్షణమే వేళ్లు వదిలేయండి. రెండు వైపులా ఇలా తేలిగ్గా వచ్చాక ఆగడం, రెండడుగులు వెనక్కి వేయడం. అప్పుడే జీను ఎక్కండి.

ఎక్కాక వరస మార్చొద్దు: ముందు శ్వాస వదిలి నడుము బరువు దించండి, తర్వాత మాట, చివరికి పగ్గం. ఒకటి రెండు సెకన్లు బిగించి వదలండి, మళ్లీ బిగించండి. మూడోసారికీ వినకపోతే లాగుడు పెంచకుండా ఒక పగ్గం పక్కకి తెరిచి వలయంలోకి తిప్పండి. వేగం తగ్గాక వలయం చిన్నది చేయండి. పరుగులో ఉండగా ఒక్కసారిగా మెడ మడిస్తే గుర్రం కాళ్లు తడబడి పడిపోవచ్చు. రోజుకి 15–20 నిమిషాలు చాలు.

హ్యాకమోర్ విషయం:
పక్కల పొడుగు లోహపు చేతులు (పగ్గాలు కట్టే కడ్డీలు) ఉన్న మెకానికల్ హ్యాకమోర్ మీటలా పనిచేస్తుంది. కింది చేయి పై చేయికి మూడింతలుంటే మీ లాగుడు గడ్డం గొలుసు దగ్గర సుమారు మూడింతలవుతుంది, ముక్కు మీద అంతకంటే ఎక్కువ. తిప్పడానికి మాత్రం అంతగా పనికిరాదు. ఇప్పటికే లాగే అలవాటున్న గుర్రానికి, చేతులు ఇంకా కుదురుకోని రౌతుకి నేనైతే ఇవ్వను. దవడ కింద పట్టీలు అడ్డంగా దాటే క్రాస్‌అండర్ తల మొత్తాన్ని చుట్టి నొక్కుతుంది. దాని పట్టీలు రింగుల్లో నున్నగా జారకపోతే మీరు వదిలినా ఒత్తిడి వెంటనే పోదు. ఈ గుర్రానికి సరైన ఎత్తులో కట్టిన సైడ్‌పుల్లే నయం.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. బయటికి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు? పోటీలకి ఇది చెల్లుతుందా?

జవాబు:
కంచె లోపల ట్రాట్, క్యాంటర్ (అంతకంటే వేగమైన పరుగు) రెండింట్లోనూ నడుము, మాటతోనే ఆగి, పగ్గం పేరుకే అవసరమైనప్పుడు. మొదట్లో కుదురైన ఇంకో గుర్రం తోడుండాలి. భయమనిపిస్తే సైడ్‌పుల్ కింద పాత బిట్ కూడా వేసి దానికి రెండో జత పగ్గాలు కట్టండి. సైడ్‌పుల్‌తోనే నడపండి, రెండో జత అవసరానికి మాత్రమే. ఎఫ్‌ఈఐ (అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య) పోటీల్లో డ్రెసాజ్‌కి (గుర్రం కదలికల నేర్పు చూసే పోటీకి) బిట్ తప్పనిసరి. షో జంపింగ్, ఎండ్యూరెన్స్ (దూరపు స్వారీ) పోటీల్లో బిట్ లేనివీ అనుమతిస్తారు, కానీ కళ్లెం చేతుల పొడవు వగైరా షరతులుంటాయి కాబట్టి పేరు ఇచ్చే ముందు ఆ ఏటి నియమావళి చూసుకోండి. దిగిన ప్రతిసారీ ముక్కుపట్టీ లోపలి చెమట తడిగుడ్డతో తుడవండి. ఎండిన ఉప్పు రాసుకుంటే మానిన చోటే మళ్లీ వెంట్రుకలు రాలతాయి.