అప్‌డేట్: నాన్నగారితో హర్ కీ దూన్ దారిలో

అరవై దాటిన మా నాన్నగారితో, గుడారాలు లేకుండా ఊళ్లలోనే బస చేస్తూ ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు నడవవచ్చునా అని ఆగస్టులో ఇక్కడ మిమ్మల్ని అడిగాను. అక్టోబరులో వెళ్లి వచ్చాము. సాంక్రీ నుంచి తాలూకా అనే ఊరి వరకు జీపులో వెళ్లి, అక్కడి నుంచి నది వెంట గంగాడ్ మీదుగా నడిచి ఓస్లా చేరేసరికి చీకటి పడింది. దేవదారు దూలాలతో, రాళ్లతో కట్టిన ఆ ఇళ్లలో కింది అంతస్తు పశువులది, పైది మనుషులది కావడం వల్ల, రాత్రంతా నేల చెక్కల సందుల్లోంచి ఆవు నెమరు వేస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. పొలాల్లో ఎర్రగా వెన్నులు వేసిన రామ్‌దానా మన తోటకూరకు దగ్గరి చుట్టమేనని నాన్నగారే గుర్తుపట్టారు. 3,500 మీటర్లకు పైనున్న లోయకు మాత్రం ఆయన రాలేదు. మీరు హెచ్చరించినట్లే, మోకాళ్లకు ఎక్కుడు కన్నా దిగుడే కష్టమైంది. చేతికర్ర తీసుకువెళ్లమన్న వారికి ఆయన ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు.